ప్రతి: ఎదుటి జట్టు వారికి, సమాచారం నిమిత్తం

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ పన్నెండేళ్ళలోపు పిల్లల ఫుట్‌బాల్ జట్టుకు జగన్నాథం గారు టీం పేరెంటుగా ఎన్నికైన విధానం ప్రజాస్వామ్య చరిత్రలో నమోదు కావలసినంత సరళమైనది. ఆయన సమావేశానికి పదిహేను నిమిషాలు ముందు వచ్చారు. అంతే.

సమావేశం ఆదివారం పొద్దున తొమ్మిదింటికి, మైదానం పక్క రేకుల షెడ్డులో. కోచ్ దిలీప్ తొమ్మిదింబావుకు వచ్చాడు. ఆటగాళ్ళ కోటాలో రైల్వేలో చేరిన ఇరవై ఆరేళ్ళ కుర్రాడు. మిగతా తల్లిదండ్రులు తొమ్మిదిన్నరకు వచ్చారు. "టీం పేరెంటుగా ఎవరైనా..." అని దిలీప్ నోరు తెరిచాడో లేదో, అందరికీ ఒక్కసారే ఫోన్లలో అత్యవసరమైన పని తగిలింది. వారిని తప్పుపట్టలేం. టీం పేరెంటుది జీతం లేని, సెలవు లేని, కనీసం తిట్టడానికి కింద ఒక మనిషైనా లేని ఉద్యోగం. నీళ్ళ క్యాను మోయాలి. బత్తాయిలు ఒలవాలి. దోక్కుపోయిన మోకాళ్ళకు మందు రాయాలి. ఎవరి మేజోడు ఎవరి బూటులో ఉందో విచారణ జరిపి తేల్చాలి. వీటన్నిటి మధ్యా తల్లిదండ్రుల ఫిర్యాదులు వినాలి.

"ముందెవరొచ్చారు?" అన్నాడు దిలీప్, ఏమనాలో తోచక.

ఇంకెవరైనా అయితే తప్పించుకునేవారు. జగన్నాథం గారి వల్ల కాదు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆయన నమ్మిన ధర్మం ఒక్కటే. ముందొచ్చినవాడు ముందు బండెక్కాలి.

"నేనే," అన్నారాయన, నేరం ఒప్పుకుంటున్న గొంతుతో.

జగన్నాథం గారి తాత పలాస దగ్గర పల్లెటూరి నుంచి బొగ్గు ఇంజన్ల రోజుల్లో ఇక్కడికి వచ్చి పార పట్టాడు. తండ్రి డ్రైవరు. ఈయనా పద్దెనిమిదేళ్ళు గూడ్సు బండి నడిపారు. తర్వాత ఒక వైద్య పరీక్షలో ఎరుపు, ఆకుపచ్చ రంగుల విషయమై ఆయన కళ్ళకూ డాక్టరుకూ అభిప్రాయభేదం వచ్చింది. ఇలాంటి భేదాల్లో రైల్వే ఎప్పుడూ డాక్టరు పక్షమే వహిస్తుంది. అప్పటినుంచి ఆయన లాబీలో కూర్చుంటున్నారు. లాబీ అంటే బండెక్కే ముందు డ్రైవర్లు వచ్చి సంతకం పెట్టే గది. ఏ డ్రైవరు ఏ రోజు ఏ బండి ఎక్కాలో, దిగాక ఎన్ని గంటలు పడుకోవాలో ముందుగానే రాసి గోడకంటించే పట్టిక ఒకటి అక్కడ ఉంటుంది. దాన్ని లింకు అంటారు. లింకు వేసేది జగన్నాథం గారు. బ్రహ్మ రాసిన రాతకైనా శాంతులూ పరిహారాలూ ఉన్నాయి గానీ, జగన్నాథం గారు వేసిన లింకుకు లేవని డ్రైవర్లలో ఒక నిట్టూర్పు ప్రచారంలో ఉంది.

ఇందుకు దాఖలా ఆయన ఇంట్లోనే ఉంది. భార్య నీలవేణి గారి తమ్ముడూ డ్రైవరే. ఆ తమ్ముడి పెళ్ళికి ముందురోజు, లింకు ప్రకారం అతని వంతు కోర్బా బొగ్గుబండి. అతను బావగారి చేతులు పట్టుకున్నాడు. బావగారు లింకు చూపించారు. మర్నాడు ముహూర్తానికి పావుగంట ముందు బండి దిగి సరాసరి పందిట్లోకి వచ్చిన పెళ్ళికొడుక్కి మొహం కడిగించి, ఫోటోతో సరిపోల్చుకున్నాకే పెళ్ళికూతురి వారు పీటల మీద కూర్చోబెట్టారు.

"నా తమ్ముణ్ణి పెళ్ళిపీటల మీదకి బొగ్గుబస్తాలాగ పంపించీసిన మనిషి ఈయన," అని నీలవేణి గారు ఇంటికొచ్చినవారికి కాఫీతోపాటు ఈ కథ కూడా ఇస్తారు. ఆ పెళ్ళై పద్నాలుగేళ్ళయింది. కాఫీ మారింది గానీ కథ మారలేదు.

అలాంటి మనిషి దగ్గరికి దిలీప్ ఒక సాయంత్రం ఏడుపు మొహంతో వచ్చాడు.

"సర్, ఆడించడం నాకొచ్చు. ఆడించనివాళ్ళ అమ్మానాన్నల్తో మాట్లాడ్డం రాదు. మావాణ్ణెందుకు దింపలేదు, మాదాన్నెందుకు తీసీసేవు అని పొద్దున్నుంచి పదకొండు ఫోన్లు. ఎవర్ని ఎంతసేపు దింపాలో మీరే చూసీయండి."

అతని ఉద్దేశం ఆ ఒక్క ఆదివారం సంగతి. కానీ లాబీ మనిషితో అనకూడని మాటలు కొన్ని ఉంటాయి. అందులో ఇది మొదటిది.

మూడు రోజుల్లో లింకు వచ్చింది. పిల్లలు పద్నాలుగు మంది. మైదానంలో ఉండేది తొమ్మిది మంది. ఎవరు ఏ స్థానంలో ఎన్నో నిమిషం నుంచి ఎన్నో నిమిషం దాకా, ఎవరికి ఎంత విశ్రాంతి, అంతా నాలుగు నిలువు గళ్ళలో. అయిదో గడిలో రిమార్కులు. పాటవంతో సంబంధం లేదు. వంతు వస్తే ఆడాలి, వంతు అయితే దిగాలి. కొత్త స్థానంలో ఆడదలచినవారు ముందుగా మూడు మ్యాచ్‌లు ఆ స్థానానికి దగ్గర్లో గీత బయట నిలబడి గమనించి సంతకం పెట్టాలి. కొత్త దారిలో బండి నడపబోయే డ్రైవరు ముందుగా ఇంకొకరి పక్కన కూర్చుని మూడుసార్లు ఆ దారి చూసిరావడం రైల్వేలో ఆనవాయితీ. ఖరగ్‌పూర్ దారికి ఉన్న మర్యాద గోలుకు ఎందుకుండకూడదని జగన్నాథం గారి వాదన.

రైల్వే తల్లిదండ్రులు ఆ కాగితం చూడగానే మాట్లాడ్డం మానేశారు. ఏళ్ళ తరబడి లింకు కింద బతికినవారు. దానితో వాదించడం వానతో వాదించడమని వారికి తెలుసు. బొగ్గు కంపెనీ ఆఫీసులో అధికారిణి, పదకొండేళ్ళ పృథ్వీ తల్లి మాధవీలత గారు మాత్రం కళ్ళజోడు పెట్టి తీసి మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇదేంటండీ? ఫుట్‌బాలా, సారనాథ్ ఎక్స్‌ప్రెస్సా?"

"సారనాథ్ ఎక్స్‌ప్రెస్ లేటవుతాదమ్మా," అన్నారు జగన్నాథం గారు. "ఇది అవదు."

లింకు అడుగున, ఏ కాగితానికైనా ఉండవలసినట్టే, నకళ్ళు ఎవరెవరికో రాసి ఉంది. ప్రతి: కోచ్ గారికి. ప్రతి: తల్లిదండ్రులందరికీ. ప్రతి: మైదానం చౌకీదారుకు. ప్రతి: ఎదుటి జట్టు వారికి, సమాచారం నిమిత్తం.

ఈ చివరిది ఆయనకు ఏమాత్రం వింతగా తోచలేదు. మన బండి పక్క డివిజన్‌లోకి వెళ్తూంటే వారికి ముందుగా కబురు పంపరా? పంపకుండా బండి వదిలేస్తారా? మన పిల్లలు వారి గోలు వైపు వెళ్తున్నప్పుడు కూడా అంతే.

చిత్రమేమంటే జట్టు గెలవడం మొదలుపెట్టింది. ఎదుటివారు ఫలానా పిల్లాణ్ణి కాపు కాయమని తమ పిల్లలకు చెప్పేవారు. పది నిమిషాలు కాసేసరికి ఆ పిల్లాడి వంతు అయిపోయి వెళ్ళి బత్తాయి తినేవాడు. వాళ్ళకు ముందే నకలు అందేది నిజమే. కానీ లోకంలో మామూలు మనుషులు గళ్ళ కాగితం కనిపిస్తే తెరవరు. అలా తోర్వా జట్టు ఓడింది. సదర్ బజార్ జట్టు ఓడింది. రైల్వే కాలనీ ఫైనల్‌కు చేరింది.

ఫైనల్ బోద్రీ జట్టుతో. బోద్రీలో కోర్టుంది. ఆ జట్టు పిల్లల్లో సగానికి పైగా వకీళ్ళ పిల్లలు. దాని టీం పేరెంటు రామమోహన్ గారు. కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఇక్కడ ప్రాక్టీసు చేస్తున్న వకీలు. కాగితం అనేది ఏదైనా సరే, చివరి అక్షరం దాకా చదివే దురలవాటు కలవారు.

శుక్రవారం సాయంత్రం పిల్లలు మైదానంలో పరిగెడుతుండగా ఆయన ఫోన్ చేశారు. జగన్నాథం గారు లాబీ అలవాటు కొద్దీ ఏ ఫోనైనా స్పీకరులోనే మాట్లాడతారు.

"నమస్తే సార్. మీ కాగితం ముట్టింది. మస్తు సంతోషం. ఎదుటోళ్ళకు ముందుగాల్నే అన్ని కాగితాలిచ్చే పెద్దమనిషిని నా ఇరవై ఏండ్ల ప్రాక్టీసుల చూడలే."

"అది రూలండి."

"గదే గదే. ఒక్క డౌటుండె. రెండో సగం, మొదటి పదిహేను నిమిషాలు, గోలు, తనూజ. రిమార్కుల 'ఎడమ వైపు దూకదు' అని రాసిన్రు. ఎడమ అంటే ఆ బిడ్డ ఎడమనా, చూసెటోళ్ళ ఎడమనా?"

కాగితంలో అస్పష్టత ఉందంటే జగన్నాథం గారికి వంటిమీద చీమ పాకినట్టుంటుంది. "ఆ పిల్ల ఎడమేనండి. బండి ఎటు మొహం పెట్టి ఉంటే దాన్నిబట్టే మేం కుడి ఎడమలు రాస్తాం."

"అచ్ఛా అచ్ఛా. ఇగ సాఫయింది. ఆదివారం కలుద్దాం సార్."

జగన్నాథం గారు ఒక సందేహం తీర్చిన తృప్తితో ఫోను జేబులో పెట్టుకున్నారు. తాను చేసిన పని ఏమిటో ఆయన మెదడుకు చేరడానికి నిమిషంన్నర పట్టింది. ఈలోగా చుట్టూ ఉన్న తల్లిదండ్రులందరికీ చేరిపోయింది.

"మన గోల్‌కీపరు ఎటు దూకదో వాళ్ళకి చెప్పేశారా?" అన్నారు మాధవీలత గారు, ప్రతి మాటనూ విడివిడిగా పేర్చుతూ. "పైగా వివరంగా?"

"అడిగారమ్మా."

"అడిగితే చెప్పేస్తారా! ఇప్పుడేం చేస్తారు? లింకు మార్చండి. రెండో సగమంతా మా పృథ్వీని పెట్టండి. వాడు రెండు వైపులా దూకుతాడు."

"దూకుతానని ఆడు సెప్పాడేటి?"

"నేను చెబుతున్నాను."

"వేసిన లింకు మారదమ్మా," అన్నారు జగన్నాథం గారు. ఆ మాట వేలసార్లు అన్నారు గానీ, ఈసారి కాగితం వంక చూడకుండా అన్నారు. కారణం, తనూజ ఆయన కూతురు.

తనూజకు పన్నెండు నిండలేదు. సంవత్సరంగా ఆ పిల్లకు ఒకే కోరిక, మ్యాచ్‌లో ఒక్కసారి గోలులో నిలబడాలని. మూడు మ్యాచ్‌లు గోలు వెనక నిలబడి దోమల చేత కుట్టించుకుని సంతకం పెట్టింది. లింకులో వంతు రెండుసార్లు వచ్చింది. మొదటిసారి వాన పడి మ్యాచ్ ఆగిపోయింది. రెండోసారి ఎదుటి జట్టే రాలేదు. మూడో వంతు సరిగ్గా ఫైనల్లో పడింది. కుడి వైపు పిల్లిలా దూకుతుంది. ఎడమ వైపు మాత్రం దూకదు. ఎందుకో ఎవరికీ తెలియదు. కొందరు వంకాయ తినరు, అలా. తండ్రి చూశారు, ఉన్నది ఉన్నట్టు రిమార్కు రాశారు.

ఇంటికి వెళ్ళేసరికి వార్త ముందే వెళ్ళింది.

"కన్నకూతురి లోపం అచ్చేసి ఊరందరికీ పంచీసిన తండ్రిని ఎక్కడైనా సూసేరేటండీ?" అన్నారు నీలవేణి గారు, ఎదురుగా ఎవరూ లేకపోయినా.

"ఉన్నదే రాశాను నీలూ."

"ఉన్నవన్నీ రాసీడమేనేటి? రేప్పొద్దున్న పెళ్ళివారికీ ఇలాగే కాయితం పంపుతారు. గురక పెడతాది, పెరుగు తినదు, సమాచారం నిమిత్తం అని."

జగన్నాథం గారు కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. మూసిన కళ్ళ ముందు బోద్రీ పిల్లలు తొమ్మిది మందీ వరుసగా వచ్చి ఎడమ వైపుకు తన్నుతున్నారు. కూతురు మధ్యలో నిలబడి చూస్తోంది. మైదానం చుట్టూ జనం నవ్వుతున్నారు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో బ్రేకులు సరిగా పట్టని బండితో కొండ ఘాటు దిగినప్పుడు కూడా ఆయన కళ్ళు మూసుకోలేదు.

అప్పుడాయన చరిత్రలో మొదటిసారి, లింకులో ఎక్కడైనా సందుందేమో వెతికారు. దొరికింది. పరస్పర మార్పిడి. ఇద్దరు డ్రైవర్లు ఇష్టపడి వంతులు మార్చుకుంటామని రాసిస్తే, లింకు మారినట్టు కాదు. ఫారం ఉంది. ఇద్దరి సంతకాలు కావాలి. మాధవీలత గారికి కబురు పంపగా అరగంటలో పృథ్వీ సంతకం వచ్చేసింది, తల్లి చెయ్యి పట్టి పెట్టించినంత గుండ్రంగా.

శనివారం పొద్దున ఆయన ఫారం, కలం పట్టుకుని తనూజ పక్కన కూర్చున్నారు. తనూజ గచ్చు మీద కూర్చుని బూట్లకు లేసులు ఎక్కిస్తోంది.

"అమ్మా తనూ, ఇక్కడో సంతకం."

"కాయ్‌కా? దేనికి?"

"నీ పదిహేన్నిమిషాలు పృథ్వీకి. ఆడి పదిహేను నీకు, వొచ్చే మ్యాచ్‌లో."

తనూజ లేసు వదిలేసింది. ఫారం తీసుకుని, ఆ పిల్లకు తెలుగు చదవడం అంత బాగా రాదు కాబట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. తర్వాత గోడకున్న లింకు దగ్గరికి వెళ్ళి తన పేరు పక్క అయిదో గడిని కూడా అలాగే చదివింది.

"ఎ-డ-మ వై-పు... ఇది రాసింది నువ్వేనా?"

"ఉన్నదే కదమ్మా."

"అచ్ఛా." వెనక్కి తిరిగింది. "నాన్నా, ఇప్పుడు నన్ను తీసీడం రూలు ప్రకారమా, నేను ఆడలేననా?"

జగన్నాథం గారు కలం మూత పెట్టి తీశారు.

"సంతకం నా ఇష్టమేనా? మస్ట్ కాదు కదా?"

"...ఇష్టమే. ఇద్దరికీ ఇష్టముండాల."

"నాకు లేదు," అని తనూజ మళ్ళీ లేసుల ముందు కూర్చుంది.

వంటింట్లోంచి నీలవేణి గారి నవ్వు వినిపించింది. పద్నాలుగేళ్ళుగా దాచుకున్న నవ్వది. "నా తమ్ముడికి ఈపాటి తెలివి లేకపోయింది!"

ఆదివారం ఆరింటికి అమ్మన్న సైకిలు మీద వచ్చాడు. ఫోన్లు లేని రోజుల్లో డ్రైవర్ల ఇళ్ళకు వెళ్ళి నిద్రలేపి, డ్యూటీ ఉందని చెప్పి పుస్తకంలో సంతకం తీసుకోవడం అతని ఉద్యోగం. రిటైరై ఎనిమిదేళ్ళయింది. పుస్తకం మాత్రం రైల్వేకు తిరిగివ్వలేదు. జట్టు పిల్లలందరికీ మ్యాచ్‌కు రెండు గంటల ముందు అతనే తలుపు తడతాడు.

"తనూజమ్మా! ఎనిమిది గంటలకి బోద్రీ మీద మ్యాచి. గోలు డ్యూటీ. ఇక్కడ సంతకం ఎట్టు తల్లీ."

తనూజ అప్పటికే బూట్లతో సహా గుమ్మంలో ఉంది. సంతకం ఎంత పెద్దదిగా పెట్టిందంటే కింద పృథ్వీకి చోటు మిగల్లేదు.

మైదానంలో రామమోహన్ గారు నల్లకోటు లేకపోయినా ఉన్నట్టే నిలబడి ఉన్నారు. చేతిలో జగన్నాథం గారి లింకు, ఎర్రసిరాతో గీతలు గీసి ఉంది. బోద్రీ జట్టులో దిట్టలైన ఇద్దరు పిల్లలు దుప్పట్లు కప్పుకుని బెంచీ మీద కూర్చున్నారు.

"వాళ్ళనెందుకు దింపలేదండీ?" అని దిలీప్ మర్యాదకు అడిగాడు.

"అసలు సాక్షులను ఆఖర్ల పిలుస్తం తమ్మీ," అన్నారు రామమోహన్ గారు.

ఆ సాక్షులు బెంచీ మీద వెచ్చగా ఉండగా, మొదటి సగంలో రైల్వే కాలనీ ఒక గోలు కొట్టేసింది. రామమోహన్ గారి మొహంలో మార్పు లేదు. కింది కోర్టులో ఓడడం ఆయనకు కొత్త కాదు.

రెండో సగం మొదలైంది. తనూజ చేతి తొడుగులు వేసుకుని గోలులోకి నడిచింది. బోద్రీ వారి దుప్పట్లు లేచాయి. జగన్నాథం గారు నీళ్ళ క్యాను మీద కూర్చున్నారు. దాని మూత సరిగ్గా బిగించలేదన్న సంగతి ఆయనకు ఆ తర్వాత చాలాసేపటికి గానీ తెలియలేదు.

అప్పుడు గోలులో ఒక వింత కనిపించింది. తనూజ మధ్యలో నిలబడలేదు. తిన్నగా ఎడమ కంబం దగ్గరికి వెళ్ళి, దానికి ఆనుకుని, బస్సు కోసం చూస్తున్నట్టు నిలబడింది. కుడి వైపు గోలంతా తలుపులు తీసిన ఇల్లులా బార్లా ఉంది.

"అదేంటి! మధ్యకి రా! తనూ, మధ్యకి!" అని మాధవీలత గారు అరిచారు.

మొదటి బోద్రీ పిల్లాడు బంతి తెచ్చాడు. ఖాళీ గోలు కళ్ళెదుట ఉంది. కానీ రెండు రోజులుగా అతని చేత ఎడమ, ఎడమ అని వల్లెవేయించారు. ఎడమకే తన్నాడు. బంతి వెళ్ళి తనూజ పొట్టకు తగిలింది. "హూఁ" అని తనూజ దాన్ని పట్టుకుంది. రెండోవాడూ ఎడమకే తన్నాడు. మూడోవాడు కుడి వైపు చూసి, తటపటాయించి, పెద్దల మాట కాదనలేక ఎడమకే తన్నాడు. తనూజకు దూకవలసిన పనే పడలేదు. బంతులు పోస్టులో ఉత్తరాల్లా చిరునామాకు చేరుతున్నాయి.

అయిదో బంతికి రామమోహన్ గారి నిగ్రహం సడలింది. "అరే రైట్! రైట్ మారో! ఉధర్ ఖాలీ హై!" అని మైదానం దద్దరిల్లేలా అరిచారు.

తనూజకు హిందీ వచ్చు. ఆయన వాక్యం పూర్తి కాకముందే మధ్యకు వచ్చి నిలబడింది. బోద్రీ పిల్లాడు కుడికి తన్నాడు. కుడి వైపు ఆమె పిల్లి. దూకి పట్టింది. "లెఫ్ట్! లెఫ్ట్!" అన్నారు రామమోహన్ గారు. తనూజ ఎడమ కంబానికి వెళ్ళింది. వకీలు గారు ఏ వైపు చెబితే ఆ వైపు, ముందుగా నోటీసు అందిన కక్షిదారులా, టంచనుగా హాజరవుతూ వచ్చింది. ఇక నోరు మూసుకోవడం తప్ప గత్యంతరం లేదని ఆయన గ్రహించారు. వకీలు వృత్తిలో అది చాలా ఆలస్యంగా పట్టుబడే విద్య.

పదిహేను నిమిషాల్లో ఎనిమిది బంతులు వచ్చాయి. ఒక్కటీ లోపలికి పోలేదు. కాలనీ మొత్తం గంతులు వేస్తోంది. జగన్నాథం గారి ప్యాంటు వెనక భాగం పూర్తిగా తడిసింది. ఆయన గడియారం చూసుకున్నారు. పద్నాలుగు నిమిషాల నలభై సెకన్లు.

గీత పక్కన పృథ్వీ తొడుగులు వేసుకుని నిలబడి ఉన్నాడు. మిగిలిన పది నిమిషాల గోలు వంతు అతనిది. మొహం ఇడ్లీలా తెల్లగా ఉంది.

మాధవీలత గారు పరుగున వచ్చారు. "జగన్నాథం గారూ, మార్చకండి! ఆ పిల్లనే ఉంచండి! మావాడికేం తొందర లేదు!"

"శుక్కురారం ఆణ్ణే పెట్టమన్నారు కదమ్మా?"

"శుక్రవారం వేరు! శుక్రవారం నేనేం చూశాను?"

"సర్, ఒక్కసారి," అన్నాడు దిలీప్. "పది నిమిషాలే. కప్పు మనదే. ప్లీజ్ సర్." వెనక నుంచి పాతికమంది రైల్వే గొంతులు, లింకుకు ఎన్నడూ ఎదురు చెప్పని గొంతులు, "మార్చకండి! ఉంచీయండి!" అంటున్నాయి.

నిజానికి వారెవరికీ తెలియని సంగతేమంటే, జగన్నాథం గారికి కూడా ఉంచాలనే ఉంది. వారందరికంటే ఎక్కువగా ఉంది. రెండు రోజుల కిందట ఈ పిల్లను లింకులోంచి తప్పించడానికి సందు వెతికిన మనిషే, ఇప్పుడు ఉంచడానికి సందు వెతుకుతూ, తడి ప్యాంటుతో గోలు దగ్గరికి నడిచారు. మార్పిడి ఫారం జేబులో ఉంది. పృథ్వీ సంతకం దాని మీద ఇంకా ఉంది. రెండో సంతకం ఒక్కటి పడితే చాలు.

తనూజ అప్పటికే ఒక తొడుగు తీసేసింది.

"తనూ, నువ్వు గానీ ఉంటానంటే..." ఆయన ఫారం మడత విప్పారు. "ఆడికి ఇష్టమేనట. సంతకం కూడా ఉంది."

తనూజ పృథ్వీ వైపు చూసింది. పృథ్వీ భయంతో తల ఎటో ఊపాడు. వద్దనో, వస్తాననో తేల్చడం కష్టం.

"ఆడు మూడు మ్యాచ్‌లు వెనకాల నిలబడ్డాడు నాన్నా. నా పక్కనే నిలబడ్డాడు. దోమలు ఆణ్ణి కూడా కుట్టాయి." రెండో తొడుగు కూడా తీసింది. "నా టైమ్ అయిపోయింది. ఆడి టైమ్ ఇది. సంతకం నాకిష్టం లేదు."

పక్కనుంచి వెళ్తూ పృథ్వీ భుజం మీద ఒకటి చరిచింది. "జా రే. కళ్ళు మాత్రం మూసుకోకు."

పృథ్వీ వెళ్ళాడు. కళ్ళు మూసుకున్నాడు. మొదటి బంతే లోపలికి పోయింది. గోలైన సంగతి అతనికి చప్పట్ల వల్ల తెలిసింది. మాధవీలత గారు చున్నీలో మొహం దాచుకున్నారు. గీత దగ్గర నుంచి తనూజ ఒక్కతే అరుస్తోంది. "కోయీ బాత్ నహీ! ఫరవాలేదు! నిలబడు! కళ్ళు తెరు!" ఆ తర్వాత ఇంకో మూడు బంతులు వచ్చాయి. ఒకటి కంబానికి తగిలింది. ఒకటి పైనుంచి పోయింది. చివరిది, కళ్ళు సగం తెరిచిన పృథ్వీ నుదుటికి తగిలి వెనక్కి వెళ్ళింది. రిఫరీ ఈల వేశాడు. ఒకటికి ఒకటి. ఆ పోటీ నియమాల ప్రకారం కప్పు ఇద్దరిదీ, చెరో ఆరునెలలు. మొదటి ఆరునెలలు ఎవరివన్న విషయమై రామమోహన్ గారు నిర్వాహకులతో వాదన ప్రారంభించారు. ఆయన మొహంలో ఆ రోజు తొలిసారి ఆనందం కనిపించింది.

జగన్నాథం గారు బెంచీ మీద కూర్చుని బత్తాయి ఒలుస్తున్నారు. తనూజ వచ్చి పక్కన కూర్చుంది. కాసేపు ఇద్దరూ తొనలు తిన్నారు.

"నాన్నా, నిన్న అడిగితే చెప్పలేదు. రూలు ప్రకారమా, నేను ఆడలేననా?"

ఆయన బత్తాయి మీద ఉన్న తెల్లటి పీచును అవసరానికి మించిన శ్రద్ధతో తీశారు. "భయమేసిందమ్మా."

"బోద్రీ వాళ్ళంటేనా?"

"కాదు. నిన్ను చూసి జనం నవ్వుతారని."

తనూజ ఆలోచించింది. "నాకూ వేసింది. ఫస్ట్ బంతి పొట్టకి తగిలే వరకు. అది బాగా నొప్పెట్టింది. దాంతో భయం సంగతి మర్చిపోయాను." ఇంకో తొన నోట్లో వేసుకుంది. "మళ్ళీ నా వంతెప్పుడు?"

జగన్నాథం గారు జేబులోంచి కాగితం తీసి వేలితో గడులు వెతికారు. "మార్చి రెండో ఆదివారం. పది నిమిషాలు."

"పదేనా!"

"పదే."

తనూజ లేచి గోలు వైపు వెళ్ళింది. అక్కడ పృథ్వీ ఒక్కడే, నుదుటి మీద బొప్పితో, ఇంకా తొడుగులు తీయకుండా కూర్చుని ఉన్నాడు. ఆ పిల్ల అతన్ని చెయ్యి పట్టి లేపి, పది అడుగుల దూరం వెళ్ళి, బంతి పెట్టి తన్నడం మొదలుపెట్టింది. "కళ్ళు! కళ్ళు తెరు!" టిఫిను వేళైందని మాధవీలత గారు రెండుసార్లు పిలిచారు. పృథ్వీ వినిపించుకోలేదు.

కప్పుతో ఫోటో తీయడానికి దిలీప్ అందరినీ రమ్మన్నాడు. జట్టు వరుసలో నిలబడింది. రెండో సగం గోలు కాసిన ఇద్దరూ లేరు. టీం పేరెంటు కూడా లేరు. ఆయన గోలు వెనకాల తడి ప్యాంటుతో బంతులు ఏరి వెనక్కి విసురుతున్నారు.